ఇసుకలో అక్షరాభ్యాసం

మా మనవడికి ఎనిమిదేళ్ళు. మూడో తరగతి. పుస్తకం చేతికిస్తే గడగడా చదివేసేవాడు. చుట్టాలెవరైనా వస్తే మా కోడలు వాడిచేత వొక పాఠం చదివించేది. వాళ్ళు "అబ్బో" అనేవారు. తరువాత కాఫీలు వచ్చేవి. ఈ వైభవం ఇల్లా సాగుతూండగా వొకనాడు వాడు చదువుతూన్న పుస్తకం తలకిందులుగా వుందని నేను కనిపెట్టాను. వాడి చూపు పైన తిరుగుతూన్న ఫాను మీద వుంది. పాఠం మాత్రం పొల్లుపోకుండా నోటివెంట వస్తోంది.

పుస్తకం తిన్నగా పట్టించి, నడిమి పేజీలో వొక వాక్యంమీద వేలుపెట్టి, "ఇది చదవరా నాన్నా" అన్నాను. అంతే. మెడ భుజాల్లోకి దించేసుకున్నాడు. కాళ్ళు పైకి ముడుచుకున్నాడు. ఆపైన ఎంత బతిమాలినా మాట లేదు.

మెల్లిగా ఆరా తీస్తే తెలిసిందేమిటంటే, వాడికి అక్షరాలు వచ్చు, గుణింతం వచ్చు. వత్తు దగ్గరే వచ్చింది చిక్కంతా. దారిలో బురదగుంట కనబడితే మనం ఎల్లా గెంతేస్తామో, వాడు వత్తు కనబడితే అల్లా గెంతేస్తాడు. 'అమ్మ' వాడికి 'అమ'. 'పిల్లి' వాడికి 'పిలి'. తెలుగులో వత్తులేని వాక్యం ఎక్కడ దొరుకుతుంది? అంచేత పాఠం మొత్తం ఎవరైనా చదువుతూంటే విని బట్టీ పట్టేస్తున్నాడు. ఆ జ్ఞాపకశక్తికి మెచ్చుకోవాలో ఏడవాలో నాకు తోచలేదు.

ఈ రహస్యం బయటపడ్డాక ఇంట్లో శాంతి లేదు. బడినుంచి చీటీ వచ్చింది. సాయంత్రం ట్యూషను పెట్టారు. మావాడు, అంటే వాడి తండ్రి, "ఈ వయస్సుకి నేను పేపరు చదివేవాణ్ణి" అని కేకలు వేశాడు. వాడు ఆ వయస్సుకి పేపరుతో గాలిపటాలు చేసేవాడని నాకు తెలుసు. కాని కోడలి ఎదుట ఎందుకని వూరుకున్నాను. కోడలు వంటింట్లో కళ్ళు తుడుచుకునేది. పిల్లవాడికి ప్రతి సోమవారం పొద్దున్న కడుపునొప్పి రావడం మొదలుపెట్టింది. డాక్టరుగారు చూసి ఏమీ లేదన్నారు. ఏమీ లేకపోవడమేమిటి, భయం వుంది. ఎనిమిదేళ్ళవాడు అబద్ధమాడడం నేర్చుకుంటున్నాడు, అదీ చదువుకోసం.

అటువంటి రోజుల్లో వొక రాత్రి వాడు తన తల్లి ఫోనులో తాబేలుపిల్లలు సముద్రంలోకి పరుగెత్తే బొమ్మ చూసి, "తాతయ్యా, వాటి అమ్మ ఏదీ?" అన్నాడు. నాకు తెలియదన్నాను. "అమ్మ లేకుండా దారి ఎల్లా తెలుస్తుంది?" అన్నాడు. అదీ తెలియదన్నాను. ముప్పైయేళ్ళు లెక్కలగుమాస్తాగా పనిచేసినవాణ్ణి, తాబేళ్ళ సంగతి నాకెవరు చెబుతారు? కాని వాడు అంత పట్టుగా వొక సంగతి అడగడం చాలా రోజులకి విన్నాను. సరిగ్గా అప్పుడే శ్రీకాకుళంనుంచి మా అక్కయ్య వుగాదికి రమ్మని కబురు పెట్టింది. ఆ సంవత్సరం, 2025లో, వుగాది మార్చి 30న వచ్చింది. అయిదు రోజులు ముందుగానే మనవణ్ణి తీసుకుని విశాఖపట్నంలో రైలెక్కాను. "బడి మానిపించి ఎక్కడికి మామయ్యగారూ?" అంది కోడలు. "బడికే" అన్నాను. అప్పటికి నాకున్న ధైర్యం నోటిమాట వరకే.

రైల్లో పాత క్యాలెండరు కాగితాలు కత్తిరించి, వెనకవైపు పెద్ద అక్షరాలతో ఏడు చీటీలు రాశాను:

తల్లి ఒడ్డుకు వస్తుంది. గొయ్యి తవ్వుతుంది. గుడ్లు పెడుతుంది. ఇసుక కప్పి వెళ్ళిపోతుంది. గుడ్లు పగులుతాయి. పిల్లలు సముద్రంలోకి పోతాయి. పెద్దవవుతాయి.

వత్తు లేకుండా వొక్క చీటీ అయినా రాద్దామని ప్రయత్నించాను. తాబేలు జీవితంలో అది సాధ్యం కాదని తేలింది. మావాడు మొదటిది తీసి, "తలి ఒడుకు వసుంది" అని చదివి, నా మొహం చూశాడు. నేను నవ్వలేదు. తిట్టలేదు కూడా. "ఒడుకు అంటే ఏమిట్రా?" అన్నాను. "ఏమో" అన్నాడు. "తాబేలు సముద్రంలోంచి ఎక్కడికి వస్తుంది?" అన్నాను. కాస్సేపు కిటికీలోంచి చూసి, "ఒడ్డుకు!" అన్నాడు. అని, కాగితంమీద డ కింద వున్న రెండో డ వంక అనుమానంగా చూశాడు, ఇంతసేపూ ఇది ఎక్కడ దాక్కుందా అన్నట్టు. మూడో చీటీకి వచ్చేసరికి "గుడులు పెడుతుంది" అన్నాడు. తాబేలు గుడులు కట్టించదురా అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి కూడా నవ్వాడు గాని, అది మావాడికి నచ్చలేదు. చీటీలు జేబులో పెట్టేసుకున్నాడు.

శ్రీకాకుళానికి రైలు స్టేషను ఆమదాలవలసలో వుంది. అక్కడ దిగి అక్కయ్య ఇల్లు చేరాం.

మర్నాడు పొద్దున్నే అక్కయ్య శ్రీకూర్మం తీసుకువెళ్ళింది. విష్ణుమూర్తి తాబేలురూపంలో పూజలందుకునే గుడి అది. రెండు ధ్వజస్తంభాలున్నాయి. ఆవరణలో బతికివున్న తాబేళ్ళను పెంచుతున్నారు. వీపుమీద నక్షత్రాలవంటి పసుపు గీతలుంటాయి కనక వాటిని నక్షత్ర తాబేళ్ళంటారు. మావాడు దగ్గరికి వెళ్ళగానే వొకటి తల, కాళ్ళు డిప్పలోకి లాక్కుంది. "అచ్చం నువ్వే, పుస్తకం చూస్తే" అని అక్కయ్య అనేసింది. వాడి మొహం వాడిపోయింది. అక్కయ్య మనసు వెన్న గాని నోరు అల్లాంటిది.

నేను వాణ్ణి పక్కకు తీసుకువెళ్ళి, వచ్చేముందు రెండు రాత్రులు కూర్చుని తెలుసుకున్న సంగతొకటి చెప్పాను. ఇవి నేల తాబేళ్ళు. ఈదలేవు. మనం చూడబోయే సముద్రపు తాబేలు దీనిలాగా తల లోపలికి లాక్కోలేదు. దానికి కాళ్ళకు బదులు తెడ్లవంటి రెక్కలుంటాయి. వాటినీ దాచుకోలేదు. ఏమొచ్చినా అల్లాగే బయట పెట్టుకుని ఈదవలసిందే. "ఇంగ్లీషులో రెండిటికీ వేరే పేర్లున్నాయి తాతయ్యా, టార్టాయిస్, టర్టిల్" అన్నాడు. మనం రెండిటినీ తాబేలనే అంటున్నాం. ఆ రెండు ఇంగ్లీషు మాటలు వాడు బట్టీ పట్టినవే అయినా, వాటికి అర్థం వుందని అప్పుడే తెలిసినట్టు వాటిని రెండుసార్లు అనుకున్నాడు.

మధ్యాహ్నం మా మేనల్లుడు కారులో కళింగపట్నం తీసుకువెళ్ళాడు. వంశధార సముద్రంలో కలిసేచోటు. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు. ఇప్పుడు దీపస్తంభం, సరుగుడు తోటలు, విశాలమైన ఇసుక, దానిమీద ఆరబెట్టిన వలలు. దారిలో శాలిహుండం కొండమీద బౌద్ధస్తూపాలు చూపిస్తానని మేనల్లుడు అన్నాడు. మావాడు ఎంతమాత్రం ఒప్పుకోలేదు. బుద్ధుడు కదలడనీ తాబేళ్ళు వెళ్ళిపోతాయనీ వాడి వాదం.

తీరం వెంబడి మరికొంతదూరం వెడితే వొక పల్లె. పల్లెకు అవతల, వలకట్టి కంచె వేసిన ఇసుకమడి. లోపల వరసలుగా చిన్న చిన్న పుల్లలు పాతి, వొక్కొక్క పుల్లకు ప్లాస్టిక్కు కవరులో వొక అట్టముక్క కట్టివుంది. శీతాకాలం వెళ్ళేవేళ తాబేళ్ళు రాత్రిపూట వొడ్డుకు వచ్చి గుడ్లు పెడతాయి. కుక్కలు, నక్కలు, మనుషులు వాటిని వుండనివ్వరు. అంచేత పల్లెవాళ్ళు కొందరు రాత్రంతా ఇసుకలో నడిచి, గుడ్లు దొరికినచోట వాటిని కొద్ది గంటల్లోనే తీసి, ఏవైపు పైకి వుంటే ఆవైపే వుండేలాగు జాగ్రత్తగా తెచ్చి, ఈ మడిలో మళ్ళీ మూరెడు లోతున పాతిపెడతారు. ఆలస్యమైనా, దొర్లించినా లోపలి పిండం చచ్చిపోతుంది.

అక్కడ కాపలా వుండే పెద్దాయనకు డెబ్బైయేళ్ళుంటాయి. సముద్రంమీద బతికిన మనిషి. "మా సిన్నప్పుడు గుడ్లు ఏరుకుని తినీసీవోళ్ళం బాబుగారూ. ఇప్పుడు ఆటికే కాపలా కాస్తన్నాను" అని నవ్వాడు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం తాబేలును పట్టినా, గుడ్లు తీసినా నేరమే.

మావాడు ఆయన్ను వదిలిపెట్టలేదు. అమ్మ ఏదని ఇంట్లో నన్ను అడిగిన ప్రశ్నే అడిగాడు.

"అమ్మ గుడ్లెట్టీసి ఎలిపోద్ది బాబూ. ఎనక్కి తిరిగి సూడదు. పిల్లలు ఆటికవే రావాలి."

"ఏడవదా?"

"కళ్ళమ్మట నీళ్ళయితే కారతాయి."

ఆ కన్నీళ్ళు ఏడుపు కాదనీ, తాగిన ఉప్పునీటిలోని ఉప్పును కళ్ళదగ్గరి గ్రంథులు బయటికి పంపుతాయనీ నేను చదివివున్నాను. చెబుదామనుకుని మానేశాను. అన్నీ వొకేరోజున చెప్పకూడదు.

తాబేలు గొయ్యి పూడ్చాక, వొళ్ళంతా అటూ ఇటూ వూపుతూ పొట్టతో ఇసుకను దిమ్మిసకొట్టినట్టు కొట్టే విధం పెద్దాయన చేతులతో చేసి చూపించాడు. మావాడు ఇసుకలో బోర్లాపడుకుని చేశాడు. తరువాత, "ఈ రాత్రి ఏ గూడు పగులుతుంది?" అన్నాడు.

"ఆ అట్టలు సదువు బాబూ. నా కళ్ళజోడు ఇంటికాడున్నాది."

ఆయనకు అసలు చదువు వచ్చునో రాదో నేను చెప్పలేను. ఏ గూడు ఎప్పటిదో ఆయనకు అట్ట చూడకుండానే తెలుసునని మాత్రం నా అనుమానం. మావాడు నావైపు చూశాడు. నేను సముద్రంవైపు చూశాను. వాడు మొదటి పుల్లదగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఫాను లేదు, పైకి చూడడానికి. 'గూడు' అని చదివాడు. 'నెంబరు' అన్నాడు. తరువాత 'గుడ్లు' దగ్గర ఆగాడు. పెదవులు కదిలాయి. "గుడ్లు నూటపధ్నాలుగు" అన్నాడు. కట్టు తెగినట్టయింది. వొక్కొక్క పుల్లా దాటుకుంటూ కంచెలోని గూళ్ళన్నీ చదివాడు. నలభై అయిదు రోజులనుంచి రెండు నెలల వరకు పట్టవచ్చుననీ, ఇసుక వేడినిబట్టి వుంటుందనీ పెద్దాయన చెప్పగా, వేళ్ళమీద లెక్కలు కట్టాడు. అక్కడ నా సహాయం అవసరమైంది. గుమాస్తాగిరీ ఎక్కడో వొకచోట పనికివస్తుంది. గూడు నెంబరు 27, గుడ్లు 118, తేది ఫిబ్రవరి 4. మర్నాటికి 51 రోజులు. "ఇదే!" అన్నాడు.

ఇసుక వేడిగా వుంటే ఎక్కువగా ఆడపిల్లలు, చల్లగా వుంటే మగపిల్లలు పుడతాయని చెబితే వాడు ఇసుకలో చెయ్యి పెట్టి చూసి, "ఇవన్నీ అమ్మాయిలే" అని తేల్చేశాడు.

ఆ రాత్రి పల్లెలోనే వుండిపోయాం. అమావాస్య దగ్గరపడింది కనక చుక్కలు పిండారబోసినట్టున్నాయి. మావాడు టార్చిలైటు వేసి అట్టలు మళ్ళీ చదవబోతే పెద్దాయన, "ఆర్పీ బాబూ! ఆటికి ఎలుగే సముద్రం" అన్నాడు. పిల్లలు బయటికి రాగానే ఆకాశం ఎటువైపు వెలుగ్గా వుంటే అటు పోతాయి. మనుషులు లేని కాలంలో ఆ వెలుగు ఎప్పుడూ సముద్రంమీదే వుండేది. ఇప్పుడు వీధిదీపాలు, హోటళ్ళ దీపాలు చూసి వూళ్ళోకి నడిచి చచ్చిపోతున్నాయి. మా విశాఖపట్నం బీచి రోడ్డు దీపాలు నాకు గుర్తొచ్చాయి. సాయంత్రం వాటికింద కూర్చుని వేరుశనక్కాయలు తినే నా సుఖమూ గుర్తొచ్చింది.

తెల్లవార్లూ కూర్చున్నాం. 27వ నెంబరు గూడు కదలలేదు. మావాడు తాను తప్పు చదివానేమోనని రెండుసార్లు అడిగాడు. "నువ్వు సరిగ్గానే సదివినావు. అది ఇంకా సదువుకోలేదు" అన్నాడు పెద్దాయన.

పొద్దున్నే వొడ్డున నడుస్తూంటే దూరాన బండలాగా ఏదో కనిపించింది. నాకు ముందే అర్థమై, వాణ్ణి వెనక్కి తిప్పబోయాను. వాడు అప్పటికే చూశాడు. పెద్ద తాబేలు. రెండడుగులకు పైగా వుంటుంది. ఆకుపచ్చా బూడిదా కలిసిన డిప్ప. దానికి ఆలివ్ రిడ్లీ అని పేరు రావడం ఆ రంగువల్లనే. కళ్ళచుట్టూ ఈగలు.

పెద్దాయన వచ్చి చూసి, "వలలో సిక్కింది బాబూ" అన్నాడు. తాబేలుకు మనలాగే వూపిరితిత్తులు. గాలికోసం పైకి వస్తూండాలి. పెద్ద మరపడవల వలలో చిక్కి గంటలకొద్దీ అడుగున వుండిపోతే మునిగి చచ్చిపోతుంది. తాబేలు తప్పించుకోవడానికి వలలో ఇనుపచట్రం అమర్చి పైన వొక దారి విడిచే వుపాయం వుంది. దానిలోంచి చేపలు కూడా పోతాయని వాళ్ళ బాధ. మరపడవలకు వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. తల్లులు వొడ్డుకు వచ్చేది చాలావరకు అంతకు ముందే.

మావాడు ఏమీ అడగలేదు. పల్లెకు వచ్చి అరుగుమీద చీటీలు పరిచాడు. ఇంతకు ముందు అక్కయ్య ఇంట్లో వీటితో ఆడాం. నేను తల్లితో మొదలుపెట్టాను. వాడు గుడ్లతో మొదలుపెట్టాడు. పోట్లాడుకుని చివరికి వాడు ఏడింటినీ గుండ్రంగా పేర్చి, 'పెద్దవవుతాయి' పక్కన 'తల్లి ఒడ్డుకు వస్తుంది' పెట్టి, "దీనికి మొదలు లేదు తాతయ్యా" అన్నాడు. నాకు ఎంతో సంతోషమనిపించింది. ఇప్పుడు అవే చీటీలు మళ్ళీ గుండ్రంగా పేర్చి, వాటివంక చూస్తూ, "ఆ చీటీ లేదేం?" అన్నాడు.

"ఏ చీటీరా?"

"అదే. వొడ్డున వున్నది."

నిజమే, నేను రాయలేదు. పిల్లలకోసమని గుండ్రంగా గీసే బొమ్మల్లో అది వుండదు. నేనేం జవాబు చెప్పను? జేబులోంచి మిగిలిన కాగితం, పెన్సిలు తీసి ఇచ్చాను. వాడు చాలాసేపు రాశాడు. నాలిక బయటపెట్టి రాశాడు. ఎవరూ చెప్పకుండా, ఏ పాఠంలోనూ లేకుండా వాడు రాసిన మొదటి వాక్యం అది.

వలలో పడి చచిపోయింది.

చ కింద వత్తు లేదు. నేను పెన్సిలు అందుకోబోయి, మానేశాను.

దాన్ని గుండ్రంలో ఎక్కడ పెట్టాలో వాడికి తెలియలేదు. 'పెద్దవవుతాయి' తరువాత పెట్టాడు. పెట్టి, వేలితో వరసగా చదువుకుంటూ వచ్చి, దానిదగ్గర ఆగి, "ఇది ఇక్కడుంటే తల్లి ఒడ్డుకు రాదు గదా" అన్నాడు. ఆ తరువాతి చీటీ తిరగేశాడు. గొయ్యి తిరగేశాడు. గుడ్లు తిరగేశాడు. వొక్కొక్కటే, అన్నీ. ఏడు చీటీలూ తెల్లగా బోర్లాపడి వుంటే, ఎనిమిదోది వొక్కటే పైకి కనబడుతోంది. చదివినదాన్ని అర్థం చేసుకోవడమంటే ఏమిటో ట్యూషను మేష్టారు నాకు రెండు నెలలపాటు చెప్పారు. అప్పుడు నాకు తెలియలేదు.

ఆ రోజంతా వాడు దిగులుగానే వున్నాడు. తీసుకురావడం తప్పయిందా అని నాకూ అనిపించింది. రాత్రి వాణ్ణి వూరడించడానికి వొక సంగతి చెప్పాను. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెడితే గంజాం దగ్గర రుషికుల్య నది సముద్రంలో కలుస్తుంది. ఆ సంవత్సరం ఫిబ్రవరిలోనే అక్కడికి దాదాపు 7 లక్షల తాబేళ్ళు వచ్చి గుడ్లు పెట్టాయి. ఇంకొకటి కూడా చెప్పాను. 2021లో ఒడిశాలో రెక్కకు నెంబరు బిళ్ళ కట్టి వదిలిన తాబేలొకటి 2025 జనవరిలో మహారాష్ట్రలో రత్నగిరి జిల్లా గుహాగర్ ఇసుకలో గుడ్లు పెడుతూ కనబడింది. ఆ తీరం ఎక్కడ, ఈ తీరం ఎక్కడ! "అదే తాబేలని ఎల్లా తెలిసింది?" అన్నాడు. "బిళ్ళమీది నెంబరు చదివారు" అన్నాను. వాడు లేచి కూర్చున్నాడు.

తెల్లవారుజామున పెద్దాయన వచ్చి మా దుప్పట్లు లాగాడు. 27 నెంబరు గూటిమీద బోర్లించిన గంప కింద ఇసుక కుంగింది. కుంగినచోట నల్లటి ముక్కొకటి కనిపించింది. తరువాత రెండు, తరువాత లెక్కలేదు. ఇసుకే వుడుకుతున్నట్టుంది. అరచేతిలో సగం వుంటుంది వొక్కొక్కటి. వాటిని గంపలో వేసుకుని సముద్రం దగ్గరికి తీసుకువెళ్ళి, నీళ్ళలో వదలకుండా కొంతదూరం ఇటే తడి ఇసుకమీద వదిలారు. ఆ నడక అవే నడవాలట. భూమి అయస్కాంతశక్తినిబట్టి పుట్టిన తీరాన్ని గుర్తుపెట్టుకుంటాయని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. మావాడు వొక్కొక్కదాన్నే లెక్కపెట్టాడు. తొంభైఏడు. అల వచ్చి కొన్నిటిని వెనక్కి తోసేస్తే మళ్ళీ నడిచాయి. వెయ్యింటికి వొకటి బతికి పెద్దదవుతుందంటారు. ఈ లెక్క నేను వాడికి చెప్పలేదు. ఆడవి పది, పదిహేనేళ్ళకు గుడ్లు పెట్టడానికి వస్తాయని మాత్రం చెప్పాను. "అప్పటికి నాకు ఇరవైమూడు" అన్నాడు. నా వయస్సు లెక్కకట్టలేదు, మంచివాడు.

వుగాది పచ్చడి అక్కయ్య ఇంట్లో తిని మర్నాడు బయలుదేరాం. ఇంటికి వచ్చాక అద్భుతమేమీ జరగలేదు. ఏప్రిల్‌లో బడినుంచి మళ్ళీ చీటీ వచ్చింది, ఇంకా వెనకబడే వున్నాడని. మావాడు మళ్ళీ కేకలు వేశాడు. కాని సోమవారం కడుపునొప్పి తగ్గింది. వీధిలో నడుస్తూంటే దుకాణాల బోర్డులు వొక్కొక్కటే కూడబలుక్కుంటూ చదువుతున్నాడు. మందులషాపు దగ్గర మాకు పావుగంట పడుతోంది.

ఎనిమిదో చీటీ నా కళ్ళజోడు పెట్టెలో దాచుకున్నాను. వర్షాకాలంలో వొకనాడు పెట్టె తీస్తే చీటీ మడత మారివుంది. విప్పి చూశాను. చ కింద ఇంకొక చిన్న చ వుంది. నీలంరంగు పెన్సిలుతో, కాస్త వంకరగా.